ఆదివారం వెల్డింగ్

నరసరావుపేట,
జూలై మొదటి వారం.

ఖలందర్ మామకి అమ్జద్ సలాం.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. మీ కూతురు ఫరా ఫోన్‌కి మెసేజ్ పెడితే ముందు తను చదువుతుంది, తర్వాత అల్లుడు చదువుతాడు, మీ దాకా వచ్చేసరికి మాచర్ల అంతా చదివేసి ఉంటారు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో అమ్మాయి నన్ను పైనుంచి కిందికి చూసింది. గ్రీజు చేతులతో ఉత్తరాలు రాసే మొహమేనా అనుకుని ఉంటుంది.

అమ్మ బాగుంది. అన్నయ్య ఒక్కసారి కూడా రావట్లేదని మిమ్మల్ని తిడుతూ ఉంటుంది, అంటే బాగున్నట్టే. షెడ్డు కూడా మీరు నా చేతికిచ్చి వెళ్ళినప్పటిలాగే నడుస్తోంది. మీరు పెట్టిన పద్ధతే ఇప్పటికీ. ఇంజన్ పని నాది, వెల్డింగ్ అంతోని అన్నది. ఆయన స్పానర్ పట్టడు, నేను వెల్డింగ్ రాడ్డు పట్టను. బజారంతా దానికే అలవాటు పడిపోయింది. వెల్డింగ్ ఊడిందంటే అంతోనిని తిడతారు, బండి స్టార్ట్ కాలేదంటే నన్ను తిడతారు.

అసలు సంగతికి వస్తాను. ఈపూరు లక్ష్మీనారాయణ గారు తెలుసుగా, మండలంలో ఎవరు గెలిచినా ముందు ఆయన గుమ్మంలోకి వచ్చి దండం పెట్టి పోతారు. ఆయన కొడుకు మహేష్ ఒక పాత జీపు కొన్నాడు. టాపు తీసేసి, పెద్ద టైర్లు వేసి, వీడియోలు తీసి ఫోన్లో పెడుతుంటాడు. వేలమంది చూస్తారట. మొన్న షెడ్డుకొచ్చి ఒకటే గోల.

"అమ్జదన్నా, నల్లరేగట్లో దిగితే ఒక్క చక్రమే తిరుగుద్ది, రెండోది చూస్తా నిలబడుద్ది. ఏందన్నా ఈ దరిద్రం? డిఫరెన్షియల్ ఊడదీసి లోపల గేర్లకి వెల్డింగ్ కొట్టెయ్. రెండూ కలిసి తిరిగి చస్తయ్. మా ట్రాక్టరుకి లాక్ లేదా? దానికుంటే ఒప్పు, దీనికుంటే తప్పా?"

అతనికి బురద ఒక సాకు మామా. ఖాళీ స్థలంలో జీపుని గిరగిరా తిప్పి దుమ్ము లేపాలి, అది వీడియో తీయాలి, అదీ సరదా. కానీ అదే జీపు వినుకొండ పోతుంది, నరసరావుపేట వస్తుంది. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ గారిని మిరప తోటకి తీసుకెళ్ళేదీ అందులోనే.

పొలంలోనే తిరిగే బండి అయితే నేను మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు. తారు రోడ్డు మీద కూడా తిరిగే బండికి డిఫరెన్షియల్ వెల్డింగ్ పెట్టొచ్చా, పెట్టకూడదా? మీరు ఎలా చెప్తే అలా. తొందరేమీ లేదు, ఊరికే అడిగాను.

మీ
అమ్జద్


మాచర్ల,
జూలై రెండో వారం.

ఒరేయ్ అమ్జద్,

పెట్టొద్దు.

ఇక్కడితో ఉత్తరం ముగించొచ్చు. కానీ నువ్వు చిన్నప్పటినుంచీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేవాడివి. కాబట్టి విను.

గుంటక తోలేటప్పుడు చేను చివర ఎడ్లు మళ్ళడం చూశావు గదా. లోపలి ఎద్దు ఉన్నచోటే నాలుగు అడుగులు అటూ ఇటూ వేస్తుంది. బయటి ఎద్దు చుట్టూ నడిచి వస్తుంది. లేదు, రెండూ సమానంగా నడవాల్సిందే అని ఎవడన్నా వెర్రివాడు కాళ్ళకి కాళ్ళు కట్టేస్తే ఏమవుతుంది? మళ్ళవు. తిన్నగా పోయి పక్కవాడి చేలో పడతాయి. డిఫరెన్షియల్ ఉన్నది మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగడానికి, లోపలిది తక్కువ తిరగడానికి. దాన్ని వెల్డింగ్ పెట్టి ముద్ద చేశావనుకో, రెండు చక్రాలూ ఒకటే తిరుగుడు. బురదలో ఫరవాలేదు, అక్కడ టైరు జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు జారనివ్వదు. మలుపు మలుపుకీ టైరు అరుస్తుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముందుకే తోసుకుపోతుంది. ఆ బలమంతా యాక్సిల్ షాఫ్టు మీద పడి, అది ఏదో ఒక రోజు పుటుక్కుమంటుంది. తడి రోడ్డయితే ఇంకా ఘోరం, వెనక భాగం ఎటు పోతుందో నడిపేవాడికే తెలియదు.

ఇక ట్రాక్టర్ అంటాడా ఆ పిల్లగాడు. ట్రాక్టర్ లాక్ కాలితో నొక్కితే పడుతుంది, కాలు తీస్తే వదులుతుంది. రోడ్డెక్కాక లాక్ మీద కాలు పెట్టిన డ్రైవర్ని వాళ్ళ నాయనే చెప్పుతో కొడతాడు. మరి వెల్డింగ్ కాలు తీస్తే వదులుతుందా అని అడుగు.

నువ్వు వద్దంటే అతను ఇంకో షెడ్డుకి పోతాడు. పోనీ. పెద్దవాళ్ళ పిల్లలు అలిగితే మనకి పోయేదేమీ లేదు. అంతోనికి నా సలాం చెప్పు. వాడు పెట్టడులే, వాడి సంగతి నాకు తెలుసు. మీ అమ్మ బీబీకి చెప్పు, బక్రీదుకి రాలేదని తిట్టుకోవద్దని, మోకాళ్ళు బస్సెక్కనివ్వట్లేదని.

మీ మామ
ఖలందర్


నరసరావుపేట,
జూలై ఆఖరు.

మామకి సలాం.

మీ ఉత్తరం చదివాను. ఎడ్ల సంగతి చదివి నవ్వుకున్నాను కూడా. మీరు చెప్పినట్టే మహేష్‌కి చెప్పాను. కుదరదు బాబూ అన్నాను. కాస్త మొహం మాడ్చుకుని పోయాడు. అంతే, అయిపోయింది ఆ కథ.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. షెడ్డు ముందు నీళ్ళు నిలిచి చెరువైంది. మున్సిపాలిటీ వాళ్ళకి మూడుసార్లు చెప్పినా దిక్కులేదు. అమ్మ మీ మోకాళ్ళకి ఏదో నూనె పంపుతానంటోంది, వద్దన్నా వినదు.

ఒక చిన్న అనుమానం మామా. ఊరికే, తెలుసుకుందామని. ఎవరైనా అలా వెల్డింగ్ పెట్టేశారనుకోండి, దాన్ని తర్వాత కోసి, గ్రైండింగ్ చేసి, మళ్ళీ మామూలుగా చేయొచ్చా? గేర్లు పనికొస్తాయా? వేరే షెడ్డులో ఎవరో అడిగారు.

మీ
అమ్జద్


మాచర్ల,
ఆగస్టు.

ఒరేయ్,

వేరే షెడ్డువాడికి చెప్పు. పనికిరావు. ఆ వేడికి గేరు పళ్ళ గట్టిదనం పోతుంది. ఎంత బాగా కోసినా అవి చచ్చిన గేర్లే. లోపలి సెట్టు మొత్తం తీసేసి, ఆటోనగర్‌లో పాత జీపు సెట్టు వెతికి వేయమను. ఒక పూట పని. ఈ రోజే చేయమను, రేపటిదాకా ఆగొద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు.

చెప్తావు గదా.

నూనె అందింది. దుర్వాసన. ఫరా నన్ను వసారాలో పడుకోమంటోంది.

ఖలందర్


నరసరావుపేట,
సెప్టెంబర్ నెల.

మామకి సలాం.

ఒక చెడ్డ వార్త. మీకు ఎలాగూ తెలుస్తుంది, నానుంచే తెలియడం మంచిదని రాస్తున్నాను.

మహేష్ జీపుకి యాక్సిడెంట్ అయింది. వినుకొండ వైపు నుంచి వస్తూ ఈపూరు దారి మలుపు దగ్గర, సన్నటి వాన. స్టీరింగ్ తిప్పినా బండి తిరగలేదట. తిన్నగా పోయిందట. ఇంకా తిప్పేసరికి పెద్ద చప్పుడుతో వెనక యాక్సిల్ తెగి, జీపు పక్క కాలువలో పడింది. మహేష్‌కి చెయ్యి గీరుకుపోయిందంతే. ఆదిలక్ష్మమ్మ గారికి తొడ ఎముక విరిగింది. ఇక్కడే ఆసుపత్రిలో ఉన్నారు, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మళ్ళీ ఎప్పటికి నడుస్తారో చెప్పలేమంటున్నారు.

బండి విప్పి చూస్తే డిఫరెన్షియల్ లోపల వెల్డింగ్ కనపడింది. నేను వద్దన్నాక మహేష్ అంతోని అన్నతో పెట్టించుకున్నాడంట. లక్ష్మీనారాయణ గారి మనుషులు షెడ్డుకొచ్చి పెద్ద రభస చేశారు. పోలీసులదాకా పోలేదు, నడిపింది వాళ్ళబ్బాయి గదా, పోతే అతని పేరే ముందు రాసుకుంటారు. పెద్దమనుషులే కూర్చుని తేల్చేశారు. అంతోని ఇక ఈ బజార్లో వెల్డింగ్ చేయకూడదు, ఏ షెడ్డువాడూ అతన్ని పెట్టుకోకూడదు అని. అతను సామాను కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర మూటలు మోస్తున్నాడని ఎవరో అన్నారు.

నేను ఏమీ మాట్లాడలేదు. నన్నెవరూ అడగలేదు గదా.

ఆసుపత్రికి పోయి ఆదిలక్ష్మమ్మ గారిని చూసి వచ్చాను. మనసు బాగాలేదు మామా. ఇంక రాయలేను.

అమ్జద్


మాచర్ల,
అక్టోబర్.

అమ్జద్,

నీ ఉత్తరం నాకు అందకముందే లక్ష్మీనారాయణ మా ఇంటికొచ్చాడు. యూరియా గోతంలో డిఫరెన్షియల్ చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు వినపడదని ఫరా చేత కాగితం మీద రాయించాడు. "ఖలందర్ భాయ్, ఆ షెడ్డు నువ్వు పెట్టిందే గదా. ఇది అంతోని చేసిన పనేనా చూసి చెప్పు. పెద్దమనుషులు తేల్చారు గానీ, మా ఆడది మంచాన పడి ఉంది, నాకు నిద్ర పట్టట్లేదు" అని.

చూశాను. ఫరా టార్చి లైట్ పట్టుకుంది.

అంతోని నా దగ్గర చేరినప్పుడు నువ్వింకా నిక్కర్లతో బడికి పోతున్నావు. వాడి చెయ్యి నాకు తెలియదా? వాడు రాడ్డు ఎత్తేముందు వెనక్కి ఒక చుట్టు వేసి ఆపుతాడు, చివర గుంట పడకుండా. ఇందులో ప్రతి చోటా చివర గుంటే. రాడ్డు అంటుకుపోతే గుంజి పీకిన మచ్చలు. ఇది వెల్డింగ్ మనిషి చేసింది కాదు. ఎప్పుడూ చేయనివాడు తొందరపడి చేసింది.

నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యీ నేను ఏమన్నానో తెలుసా? "కళ్ళు మసకలొచ్చినయ్ లక్ష్మీనారాయణా, నాకు తెలియటంలా" అన్నాను. ఇనుము చూసి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదురా. చెవులు పోయినా కళ్ళు బాగున్నాయని అల్లా దయ అనుకునేవాణ్ణి. ఆ కళ్ళ మీదే అబద్ధం చెప్పాను. ఆయన పాపం, భుజం తట్టి, కళ్ళ డాక్టర్ దగ్గరకి తీసుకుపోతానన్నాడు. ఆ మాట ఫరా రాసి చూపిస్తే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ కోసం చెప్పానని అనుకోవద్దు. నా షెడ్డు, నా మేనల్లుడు, నా పేరు. నా కోసమే చెప్పాను. అందుకే ఇంత రోత పుడుతోంది.

అడుగుతున్నాను. ఎవరు పెట్టారు?

ఖలందర్


నరసరావుపేట,
అక్టోబర్.

మామా,

నేనే.

ఈ రెండక్షరాలు రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఇప్పుడు మిగతాది కూడా చెప్తాను. తిట్టండి, కానీ చివరిదాకా చదవండి.

నేను మొదటి ఉత్తరం రాసేనాటికే వెల్డింగ్ పెట్టేశాను. పెట్టొచ్చా అని మిమ్మల్ని అడిగేటప్పటికి ఆ జీపు రోడ్డు మీద తిరుగుతోంది. మీరు ఫరవాలేదంటారేమో, ఆ మాట చూసుకుని ధైర్యంగా పడుకుందామని అడిగాను. పెట్టొద్దు అన్న ఒక్క మాట చూసేసరికి చెమటలు పట్టాయి. కోసి మామూలుగా చేయొచ్చా అని అడిగిన వేరే షెడ్డువాణ్ణీ నేనే.

మహేష్ ముందు అంతోని అన్ననే అడిగాడు. అన్న వెల్డింగ్ ముసుగు కూడా ఎత్తకుండా, "రోడ్డు మీద తిరిగే బండికి నేను కొట్టనయ్యా, పొలంలోనే తోలుకుంటానంటే చెప్పు" అన్నాడు. మహేష్ నా వైపు తిరిగాడు. "అమ్జదన్నా, నువ్వన్నా చెయ్. వీడియోలో నీ పేరేస్తా. పల్నాడులో ఇట్టాంటి బండి తయారు చేసినోడు ఇంకెవడున్నాడు?" అన్నాడు. ఆ మాటకి పడిపోయాను మామా. డబ్బు కాదు, దాని మాటే రాలేదు. వేలమంది చూస్తారు, అమ్జద్ అన్న పని అని కింద పేరు వస్తుంది, అంతే. ఇరవై ఏళ్ళ పిల్లగాడిలా పొంగిపోయాను.

అంతోని అన్న ఆదివారం చర్చికి వెళ్ళేదాకా ఆగాను. ఆయన మిషను, ఆయన ముసుగు, ఆయన రాడ్లు తీసి నేనే పెట్టాను. వచ్చీ రాని పని. వీడియో వచ్చింది, పేరూ వచ్చింది. బండి తయారు చేసింది అమ్జద్ అన్న అనే ఉంది, వెల్డింగ్ మాట లేదు. అమ్మకి కూడా చూపించాను.

మీ రెండో ఉత్తరం చూశాక మహేష్‌కి ఫోన్ చేశాను, బండి తీసుకురా, సెట్టు మార్చేస్తాను అని. "ఏం కాదులేన్నా, సూపర్‌గా పోతాంది" అన్నాడు. ఇంకోసారి చేశాను, ఎత్తలేదు. వెంటనే ఈపూరు వెళ్ళి వాళ్ళ నాన్నకి చెప్పాల్సింది. చెప్తే అమ్జద్ పని తెలియక చేశాడు అంటారు గదా. ఆ మాట పడలేక ఊరుకున్నాను.

యాక్సిడెంట్ అయ్యాక వాళ్ళ మనుషులు షెడ్డుకి వచ్చినప్పుడు, లోపల వెల్డింగ్ ఉందన్నారు, అంతే. ఎవరు పెట్టారని అడగను కూడా అడగలేదు. మా షెడ్డులో వెల్డింగంటే అంతోనే గదా, అందరూ నేరుగా ఆయన మీదికి పోయారు. మహేష్ వాళ్ళ మధ్యలోనే ఉన్నాడు, నోరు మెదపలేదు. అన్న ఒక్కటే మాట అన్నాడు, "నేను కొట్టలేదు" అని. ఎవడో నవ్వాడు. అన్న నా వైపు చూశాడు.

నేను బండి కిందికి దూరాను మామా. ఒక టాటా ఏస్ జాకీ మీద ఉంది. దాని కింద పడుకుని, ఏ పనీ లేకపోయినా ఒక బోల్టు పట్టుకుని, బిగిస్తున్నట్టు తిప్పుతూ ఉన్నాను. వాళ్ళు ఆయన చొక్కా పట్టుకుని లాగడం, మిషను తన్నడం, ఆయన పిల్లల్ని కూడా కలిపి తిట్టడం అన్నీ వినపడుతూనే ఉన్నాయి. అంతా సద్దుమణిగేదాకా రాలేదు. బయటికి వచ్చేసరికి అన్న లేడు.

ఆసుపత్రిలో ఆదిలక్ష్మమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు వద్దన్నావంట గదా నాయనా, మా వాడు చెప్పాడు. ఆ అంతోనిగాడు బాగుపడడు, వాడి పిల్లలు బాగుపడరు" అని శాపనార్థాలు పెట్టింది. బత్తాయి ఒలిచి నా చేతిలో పెట్టింది. తిన్నాను మామా. ఎలా మింగుడు పడిందో నాకే తెలియదు, మొత్తం తిన్నాను.

మీరు నా వల్ల అబద్ధం చెప్పారని చదివినప్పటినుంచీ షెడ్డు తియ్యట్లేదు. జ్వరమని అమ్మకి చెప్పాను. ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను. మీరు నాతో ఈపూరు వస్తారా? మీరు పక్కనుంటే చెప్పగలను.

అమ్జద్


మాచర్ల,
అక్టోబర్.

అమ్జద్,

నేను నీతో రాను. వస్తే నువ్వు నా వెనక నిలబడతావు. బండి కిందికి దూరడం ఒకటే, మామ వెనక దూరడం ఒకటే.

నా సంగతి నేను చూసుకున్నాను. మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని, బస్సులు మారి ఈపూరు పోయి వచ్చాను. లక్ష్మీనారాయణ కళ్ళ డాక్టర్ దగ్గరకి పోదామనే వచ్చాననుకుని చొక్కా వేసుకోబోయాడు. నా కళ్ళు బాగానే ఉన్నాయి, ఆ రోజు నీతో అబద్ధం ఆడాను, అది అంతోని చెయ్యి కాదు అని చెప్పాను. మరి ఎవరిదని అడిగాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. చెప్పాల్సినవాడు వచ్చి చెప్తాడన్నాను. ఆయన నన్నేమీ అనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. వాళ్ళింట్లో నాకు మంచినీళ్ళు ఇవ్వకపోవడం ఇదే మొదలు. తగిన శాస్తే.

నీ పేరు చెప్పలేదు. అది నీకే వదిలేశాను.

ఖలందర్


నరసరావుపేట,
నవంబర్.

మామకి సలాం.

వెళ్ళాను.

లక్ష్మీనారాయణ గారు వరండాలో కూర్చోబెట్టారు. నేను నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "తెలుసులే. మీ మామ వచ్చిపోయినాక మావాడిని పట్టుకుని అడిగితే మొత్తం కక్కాడు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "అయిందేదో అయింది. ఆ అంతోనికి ఏదో ఒక పని నేనే చూపిస్తాలే. నువ్వు మాత్రం బయట అనబాక. నీ పేరొస్తే మావాడి పేరొస్తది, చేయమన్నోడు వాడే గదా. పంచాయతీ ఎలచ్చన్లు నెత్తి మీదున్నయ్. నీకూ మంచిది, మాకూ మంచిది."

సిగ్గు విడిచి చెప్తున్నాను మామా, ఆ మాటకి నాకు హాయి అనిపించింది. గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. చెప్పడానికి వచ్చాను, వాళ్ళే వద్దన్నారు, ఇక నా తప్పేముంది అనుకున్నాను. సరేనండీ అని లేచి చెప్పులు కూడా వేసుకున్నాను.

లోపలి గదిలోంచి ఆదిలక్ష్మమ్మ గారు పిలిచారు. కిటికీ పక్కనే మంచం, అంతా విన్నది.

"అమ్జదూ, ఇట్రా."

వెళ్ళి నిలబడ్డాను. మహేష్ తలుపు దగ్గర గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో నా పక్కన కూర్చోని, నేను ఆ మనిషిని తిడతా ఉంటే విన్నావు. నీకు నోరు రాలేదా నాయనా?"

"రాలేదు పెద్దమ్మా."

"కాలు విరిగితే విరిగింది, అది అతుక్కుంటది. ఏ పాపమూ ఎరగనోడికి నా చేత శాపాలు పెట్టించారు గదరా నువ్వూ నా కొడుకూ కలిసి. చిన్నపిల్లల్ని తిట్టాను. వాళ్ళు నాకేం చేశారు? ఏ దేవుడికి చెప్పుకోవాల్రా నేను?"

ఏడ్చేసింది మామా. ఆపరేషన్ అయినప్పుడు కూడా ఏడవలేదంట ఆమె. లక్ష్మీనారాయణ గారు ఏదో సర్దిచెప్పబోతే కసిరింది. "మీ ఎలచ్చన్లు మీరు చూసుకోండి. బజార్లో నలుగురిలో ఆ మనిషి మీద నిందేశారు. ఆ బజార్లోనే, ఆ నలుగురిలోనే తీసెయ్యాల. లేకపోతే నేనే మంచం మోయించుకుని పోయి చెప్తా" అంది. అన్నంత పనీ చేసే మనిషి. ఆయన తలవంచుకుని బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున బజార్లో టీ కొట్టు దగ్గర అందరూ ఉన్న వేళ చెప్పాను. మొదటిసారి ఎవరికీ వినపడలేదు, మళ్ళీ గట్టిగా చెప్పాను. జీపుకి వెల్డింగ్ పెట్టింది నేను, అంతోని వద్దన్నాడు, నేను ఆదివారం దొంగతనంగా పెట్టాను, ఆయన్ని తిడుతుంటే బండి కింద దాక్కున్నాను అని. మహేష్ బండేసుకుని ఒక్కడే వచ్చాడు. నా పక్కన నిలబడి, చేయమని అడిగింది నేనే అన్నాడు. అతని మీద నాకు కోపం పోలేదు గానీ, వచ్చాడు. తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. టీ కొట్టు పీర్ సాహెబ్ నా గ్లాసు తీసుకుని, నేనింకా తాగుతుండగానే, కడిగేశాడు. ఒకాయన నా షెడ్డులో రిపేరుకిచ్చిన తన ఆటోని సగం విప్పింది విప్పినట్టే తోసుకుపోయాడు.

అక్కణ్ణుంచి పిడుగురాళ్ళ వెళ్ళాను. అంతోని అన్నని గుర్తుపట్టలేకపోయాను. తలా మీసాలూ కనుబొమలూ అన్నీ సున్నం. మూట దించి నిలబడ్డాడు.

"అన్నా, అందరికీ చెప్పేశాను. నువ్వు కాదు, నేనని. వచ్చెయ్ అన్నా."

"ఎప్పుడు చెప్పావు?"

"ఇయ్యాల పొద్దున."

ఆయన మొహం మీది సున్నం తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఆ రోజు నువ్వు బండి కిందికి దూరావు గదా. నీ కాళ్ళు బయటికి కనపడతానే ఉన్నయ్ అమ్జదూ. వాళ్ళు చొక్కా పట్టుకుని గుంజుతుంటే నేను వాళ్ళని చూడలా. నీ కాళ్ళే చూస్తా ఉన్నా. ఇప్పుడు బయటికొస్తడు, ఇప్పుడొస్తడు అనుకుంటా."

కాళ్ళ మీద పడబోయాను. పక్కకి జరిగాడు.

"బజారుకొస్తా. పిల్లల చదువులున్నయ్, రాకేం చేస్తా. నీ షెడ్డుకి మాత్రం రాను."

ఆయన మిషను బాగు చేయించి, కేబుళ్ళు మార్చి, ఆయన సామానంతా ఎదురుగా సత్తార్ భాయ్ షెడ్డులో దించి వచ్చాను. సత్తార్ భాయ్ పెట్టుకున్నాడు. ఇప్పుడు రోజూ ఎదురెదురుగానే ఉంటాం. ఆదిలక్ష్మమ్మ గారు ఆయన పిల్లలకి బట్టలు పంపిందట, ఆయన వెనక్కి పంపేశాడు. మళ్ళీ పంపిందట. ఈసారి ఏమైందో తెలియదు.

మీరు వాళ్ళింటికి ఒంటరిగా పోయి చెప్పుకుని, నీళ్ళు కూడా తాగకుండా వచ్చారని రాశారే, అది రోజూ గుర్తొస్తుంది. మీకు ఆ గతి పట్టించింది నేను. అమ్మకి కూడా చెప్పేశాను. నాతో మాట్లాడట్లేదు, అన్నం మాత్రం పెడుతోంది.

షెడ్డుకి మనుషులు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు కూడా ముందు అదే అడుగుతున్నారు, ఈపూరోళ్ళ జీపుకి వెల్డింగ్ పెట్టింది ఎవరు అని. అందరికీ తెలుసు, అయినా నా నోటితో వినాలని అడుగుతారు. నేనే అని చెప్తున్నాను. చెప్పిన ప్రతిసారీ చెవులు కాలిపోతున్నాయి. రోడ్డుకి అవతల అంతోని అన్నకి అన్నీ వినపడుతూనే ఉంటాయి. ఇంతవరకూ ఒక్కసారి కూడా తలెత్తి ఇటు చూడలేదు.

అమ్జద్